పాత ఇనుముతో గూడబాతు: బీడు అతకడం లేదు, ఊరు ఒప్పుకోవడం లేదు

కొల్లేటిగట్టు
మా ఊరు కైకలూరు దగ్గర. మేం చదివిన హైస్కూలు గేటు పక్కన గూడబాతు (పెలికన్) బొమ్మ ఒకటి నిలబెట్టాలని పూర్వ విద్యార్థులం అనుకున్నాం. ఆటపాక పక్షుల కేంద్రం దగ్గరే, ఆ పక్షిని చూడకుండా ఇక్కడ ఎవరూ పెరగలేదు. సిమెంటు బొమ్మ వద్దు, ఊళ్లో పోగుపడిన పాత ఇనుముతోనే చేద్దామని నేను పట్టుబట్టాను. మూతపడిన రైసు మిల్లు నుంచి వడ్లు ఆడించే హల్లర్ భాగాలు, పుల్లీలు, పళ్ల చక్రాలు వచ్చాయి. రొయ్యల చెరువుల గట్ల మీద పడి ఉన్న ఏరేటర్ షాఫ్టులు, ట్రాలీల కమాను (స్ప్రింగు) పట్టీలు, గోనె సంచి నిండా సైకిలు గొలుసులు, విరిగిన దమ్ము చక్రాలు, కొంత జీఐ పైపు. అన్నీ మా పాకలో ఉన్నాయి. ఎత్తు ఆరడుగులు అనుకుంటున్నాం.

సమస్యలు రెండు. మా ఊరి వెల్డరు పుల్లీ ముక్కను పైపుకు అతికిస్తే, చల్లారేలోపే టిక్కుమని చప్పుడు వచ్చి అతుకు పక్కనే చీలుతోంది. రాడ్డు మార్చినా అంతే. రెండోది, చందా ఇచ్చినవాళ్లలో సగం మంది "ఇంత ఖర్చు పెట్టి తుక్కు నిలబెడతారా, కనీసం తెల్ల రంగు వేసి నిజం పక్షిలా కనిపించేట్లు చేయండి" అంటున్నారు. రెండో దానికి జవాబు తోచక మొదటి దాని మీద కోపం చూపిస్తున్నాను.

ఆటోనగర్_మేస్త్రి
మీ వెల్డరు తప్పేమీ లేదు. పుల్లీ బీడు, అంటే పోత ఇనుము. బీడులో కార్బన్ 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, మామూలు ఇనుములో పావు శాతం కూడా ఉండదు. అతుకు దగ్గర ఒక్కసారిగా వేడెక్కి ఒక్కసారిగా చల్లారితే ఆ చోటు గాజులా పెళుసవుతుంది. మీరు విన్న టిక్కు అదే.

ముందు పాకలో ఉన్న సరుకును వేరు చేయండి. అయస్కాంతం, గ్రైండరు ఉంటే చాలు. అయస్కాంతం అంటుకోకపోతే అల్యూమినియమో, ఇత్తడో, స్టెయిన్‌లెస్ స్టీలో. అంటుకున్నవాటిని గ్రైండరుకు తాకించి రవ్వలు చూడండి. మామూలు ఇనుము రవ్వలు పొడుగ్గా, గడ్డి రంగులో, పెద్దగా చీలకుండా పోతాయి. కమాను పట్టీ రవ్వలు చివర పువ్వుల్లా విచ్చుకుంటాయి, కార్బన్ ఎక్కువ కాబట్టి. బీడు రవ్వలు పొట్టిగా, మందకొడిగా, ఎర్రగా ఉంటాయి. మూడు కుప్పలు వేరు పెట్టి ఒక్కో కుప్పకు ఒక్కో పద్ధతి పాటించండి.

మామూలు ఇనుముకు 6013 రకం వెల్డింగు రాడ్డు చాలు. కమాను పట్టీని అతికించకపోవడమే మంచిది, తప్పదంటే 200 డిగ్రీల పైన వేడి చేసి, ఆరబెట్టిన 7018 రాడ్డు వాడాలి. బీడుకు నికెల్ రాడ్డు. ఒకేసారి అంగుళానికి మించి వేయకూడదు. వేసిన వెంటనే చిన్న సుత్తితో సన్నగా కొట్టి, చెయ్యి పెట్టగలిగే దాకా ఆగి, మరో అంగుళం. అయ్యాక చల్లగాలి తగలకుండా ఊక బూడిదలో పూడ్చేయండి. రైసు మిల్లు ఊళ్లో బూడిదకు కరువేమిటి?

కొల్లేటిగట్టు
మూసిన మిల్లు అన్నాను కదా మేస్త్రి గారూ. అయినా ఇటుక బట్టీల వాళ్ల దగ్గర దొరుకుతుంది. ఊక బూడిద నిజంగా పనిచేస్తుందా, లేక చేతికి దొరికింది కాబట్టి చెప్పారా?

ఆటోనగర్_మేస్త్రి
ఉక్కు కర్మాగారాల్లో కరిగిన ఉక్కు పైన వేడి పోకుండా కప్పేది ఊక బూడిదే. మీ పుల్లీకి పనికిరాదా?

నికెల్_భయం
నికెల్ రాడ్డు ధర చెప్పకుండా సలహా ఇచ్చారు. ప్యాకెట్టు కొనేలోపు చందా అయిపోతుంది.

ఆటోనగర్_మేస్త్రి
అందుకే బీడు ముక్కల్ని అతికించకండి, బిగించండి. పుల్లీకి నడుమ రంధ్రం ఉండనే ఉంటుంది. దాంట్లోంచి మామూలు ఇనుప కడ్డీ పోనిచ్చి, రెండు వైపులా వాషరు పెట్టి, ఆ కడ్డీని అస్థిపంజరానికి అతికించండి. బీడు మీద నిప్పే పడదు.

రసాయన_మాస్టారు
"కొంత జీఐ పైపు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. జీఐ అంటే పైన జింకు పూత. జింకు 907 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది, ఇనుము కరగాలంటే 1500 దాటాలి. అంటే అతుకు పడేలోపే పూతంతా తెల్లటి పొగగా వెల్డరు ముక్కులోకి పోతుంది. ఆ సాయంత్రం చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, నోట్లో లోహపు రుచి. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది కాబట్టి మలేరియా మాత్ర వేసుకుని ఊరుకుంటారు. అతికే చోట రెండు వైపులా రెండేసి అంగుళాలు పూత గీకేయాలి, బయలు ప్రదేశంలో గాలికి అడ్డంగా నిలబడి చేయాలి.

ఇంకొన్ని కూడా చెప్తాను, ఎవరూ చెప్పరు కాబట్టి. మోటారు సైకిలు షాక్ అబ్జార్బర్లు చూడటానికి కాళ్లకు బాగుంటాయి. లోపల నూనె, వాయువు పీడనంతో మూసి ఉంటాయి, వేడి తగిలితే పేలతాయి. పెట్రోలు ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడే ఎక్కువ ప్రమాదం, లోపల మిగిలేది ఆవిరి. క్రోమియం పూత ఉన్న హ్యాండిళ్లను అతికించే ముందు పూత గీకేయాలి, గీకేటప్పుడు కూడా మాస్కు ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం: గొలుసుల జిడ్డు పోవాలని బ్రేకులు శుభ్రం చేసే స్ప్రే వాడి, తడి ఆరకముందే వెల్డింగు పెట్టకండి. వాటిలో క్లోరిన్ ఉన్న రకాలు ఆర్కు తాకిడికి ఫాస్జీన్‌గా మారతాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల మీద వదిలిన విషవాయువు అది.

పాలకొల్లు_పాలు
జీఐ పొగకు పాలు తాగితే విరుగుడు అని మా వెల్డరు రోజూ అర లీటరు అడిగి తాగుతాడు.

రసాయన_మాస్టారు
పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి. ఆ రెండూ ఎక్కడా కలుసుకోవు. పాలు మానమని అనను, మాస్కు మాత్రం కొనివ్వండి.

సాదాసీదా
అడగకుండా చెప్తున్నాను, తిట్టుకోండి. ఆ ఇనుమంతా అమ్మితే బడికి నాలుగు బల్లలు వస్తాయి. "వ్యర్థాలకు కొత్త అర్థం", "పర్యావరణ శిల్పం" అని రాస్తారు చూడండి, అది నాకు మరీ చిరాకు. ఇనుము వ్యర్థం కానే కాదు. పాత సామాను కొట్టుకు చేరితే అక్కడి నుంచి ఫర్నేసుకు పోయి చువ్వగా తిరిగొస్తుంది. మీరు బొమ్మ చేస్తే ఆ తిరుగుడు ఆగిపోతుంది, అంతే.

కొల్లేటిగట్టు
నా మొదటి పోస్టులో పర్యావరణం అన్న మాట ఎక్కడుందో చూపించండి. హల్లర్ మా తాతల కాలం నుంచి ఊరి వడ్లు ఆడించింది. అది కరిగి ఏ అపార్టుమెంటు స్లాబులోనో కలిసిపోవడం నాకు ఇష్టం లేదు. నా స్వార్థం అంతవరకే. బల్లలకు వేరే చందా వేద్దాం, మీ పేరు మొదట రాస్తాను.

సాదాసీదా
ఆ మాట చెబితే ఒప్పుకుంటాను. రాయండి.

నీలిరెక్క
రంగు సంగతికి వస్తాను. తెల్ల రంగు వేశారంటే ఇంత కష్టమూ దండగ. దూరం నుంచి పక్షి, దగ్గరికి వస్తే గొలుసు, కమాను, పళ్ల చక్రం. తుక్కు శిల్పంలో ఉన్న ఆటంతా ఈ రెంటి మధ్యే. పికాసో 1942లో సైకిలు సీటు ఒకటి, హ్యాండిలు ఒకటి కలిపి ఎద్దు తల చేశాడు. ఉన్నవి రెండే ముక్కలు. సీటు సీటుగానే కనిపిస్తుంది, ఎద్దూ కనిపిస్తుంది. తరువాత దాన్ని కంచులో పోత పోయించాడు. ఎనామిల్ రంగు పూస్తే మీ బొమ్మ రెండూ కాకుండా పోతుంది.

గుంటూరు_గొడుగు
రెండు ముక్కలతో ఎద్దు తల సరే, జనం చూసేది పోలికే. తెనాలిలో సూర్య శిల్పశాల తండ్రీకొడుకులు కాటూరి వెంకటేశ్వరరావు, రవిచంద్ర నట్లతో పదడుగుల గాంధీ విగ్రహం చేశారు, దాదాపు 75 వేల నట్లు. ముఖంలో గాంధీ గారే కనిపిస్తారు. చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వచ్చారు. జనానికి పోలిక కావాలి.

నీలిరెక్క
ఆ ఓపికకు దండం పెడతాను. అది వేరే విద్య. అక్కడ నట్టు ఒక రేణువు మాత్రమే, ఒకే రకం రేణువులు వేలకొద్దీ పేర్చి రూపం తెస్తారు. మట్టితో చేసినా ఆ రూపమే వచ్చేది. ఇక్కడ ఉన్నది హల్లర్, కమాను, గొలుసు. ఒక్కొక్కటీ ఒక్కో ఆకారం. ఆ ఆకారాలనే పక్షిగా చూడాలి.

గుంటూరు_గొడుగు
"మట్టితో చేసినా అదే వచ్చేది" అన్నది ఒప్పుకోను. ఇనుప నట్ల మధ్య నీడలు పడతాయి, మట్టికి ఆ నీడలు రావు. తెనాలి ఒకసారి వెళ్లి చూసి మాట్లాడండి.

నీలిరెక్క
నీడల మాట నిజమే. మిగతాది వదలను.

బొమ్మల_పెట్టె
ఈ రెండు పద్ధతుల మధ్య ఇంకొకటి ఉంది, ఢిల్లీ సరాయ్ కాలే ఖాన్ దగ్గర 2019లో తెరిచిన పార్కు. తాజ్ మహల్, ఈఫిల్ టవర్‌తో సహా ప్రపంచంలోని ఏడు ప్రసిద్ధ కట్టడాల నమూనాలు, అన్నీ తుక్కు ఇనుముతోనే. జనం టిక్కెట్టు కొని వెళ్తారు, ఫోటోలు తీసుకుంటారు. నాకు మాత్రం దగ్గరికి వెళ్లినప్పుడే నచ్చింది. తాజ్ మహల్ మీద కన్నా ఆ గుమ్మటంలోకి ఏ సామాను దూర్చారా అన్న దాని మీదే కన్ను పోయింది.

ట్రాలీబాబు
అసలు పక్షి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. గూడబాతులో ఉన్నదంతా ముక్కూ, దాని కింది సంచే. పై ముక్కు కమాను పట్టీ, కింది ముక్కు ఇంకో పట్టీ, సంచికి గొలుసులు. పట్టీకి వంపు దానంతట అదే ఉంది. గొలుసులు రెండు చివరలా తగిలిస్తే తమ బరువుకు తామే కిందికి జారి సంచి ఆకారం వస్తుంది. మన గూడబాతు ముక్కు మీద వరసగా నీలి చుక్కలుంటాయి, వాటికి కాలిన నట్లు పెట్టుకోవచ్చు.

కొల్లేటిగట్టు
ట్రాలీబాబు గారూ, సంచి ఎలా చేయాలా అని రేకులు వంచుకుంటూ కూర్చున్నాను. గొలుసు చాలా బాగుంటుంది. నట్టును ఎర్రగా కాల్చి చల్లారిస్తే నీలం వస్తుందా?

ఆటోనగర్_మేస్త్రి
అంత వేడి అక్కర్లేదు. మెరిసేట్లు రుద్దిన ఇనుమును 300 డిగ్రీల దగ్గర పట్టుకుంటే నీలం తిరుగుతుంది. ముందు లేత పసుపు, తరువాత గోధుమ, ఊదా, నీలం. నీలం రాగానే మంట తీసేయాలి, దాటితే బూడిద రంగే. కాకపోతే ఎండకూ వానకూ ఆ నీలం నిలవదు, పైన లక్క వేసినా కొన్నాళ్లే.

తుంటరి_తూనీగ
సంచి తెరిచి ఉంచారా, వారం తిరిగేలోపు చిప్స్ కవర్లతో నిండుతుంది. గేటు పక్కన నోరు తెరిచి నిలబడితే పిల్లలు ఇంకేం చేస్తారు?

చెత్తబుట్ట_పక్షపాతి
అయితే చెత్తబుట్టగానే చేయండి! కొన్ని సముద్ర తీరాల్లో చేప ఆకారంలో జాలీ బుట్టలు పెట్టారు, ఖాళీ సీసాలు దాని కడుపులో వేస్తారు. గూడబాతు సంచిలో సీసాలు. బడికీ పనికొస్తుంది.

కొల్లేటిగట్టు
పక్షి నోట్లో ప్లాస్టిక్కు వేయడం పిల్లలకు నేర్పాలా? కొల్లేటిలో నిజంగా జరిగేదే అది. వద్దు. సంచి పైన కూడా గొలుసులు అల్లి మూసేస్తాను.

చెత్తబుట్ట_పక్షపాతి
ఇలా ఆలోచించలేదు. నా సూచన తీసేసుకుంటున్నాను, పేరు మాత్రం మార్చుకోను.

సెక్టార్ ఒకటి_తెలుగువాడు
ఉద్యోగం చండీగఢ్‌లో. ఈ చర్చలో ఇంతదాకా ఇక్కడి రాక్ గార్డెన్ కట్టిన నేక్ చంద్ పేరు రాకపోవడం వింతగా ఉంది. రోడ్ల శాఖలో ఇన్‌స్పెక్టరు. కొత్త నగరం కట్టడానికి ఖాళీ చేయించి కూల్చిన పల్లెల శిథిలాలను సైకిలు మీద తెచ్చి, సుఖ్నా సరస్సు దగ్గర ప్రభుత్వ అడవిలో ఎవరికీ చెప్పకుండా పేర్చుకుంటూ పోయాడు. 1950ల చివర మొదలుపెడితే 1970ల నడుమ గానీ అధికారుల కంట పడలేదు. అది చట్టవిరుద్ధమే. కూల్చేయాలన్న మాటా వచ్చింది. చివరకు 1976లో జనానికి తెరిచారు, ఆయనకు జీతం, పనివాళ్లను ఇచ్చారు. 1984లో పద్మశ్రీ. 2015లో పోయారు.

మీకు పనికొచ్చే సంగతి వేరే. ఆయన బొమ్మల్లో చాలావాటికి లోపల ఉన్నది పాత సైకిలు భాగాలు, చువ్వలు. పైన సిమెంటు. ఆ సిమెంటు ఆరకముందే విరిగిన గాజులు, పింగాణీ ముక్కలు, స్విచ్చుల పెంకులు గుచ్చాడు. గాజులు తొడుక్కున్న ఆడవాళ్ల వరస ఒకటి ఉంటుంది, ఒళ్లంతా గాజు ముక్కలే. మీ చందాదారులకు తెల్ల పక్షి కావాలంటే తెల్ల పింగాణీ ముక్కలు పొదిగిన రెక్క పెట్టొచ్చు. రంగు వేసినట్లూ ఉండదు, వెలిసిపోదు కూడా.

నీలిరెక్క
రెక్క మాత్రం పింగాణీ, మిగతా అంతా ఇనుము. ఇది నాకు ఇష్టమే. తెల్ల ఎనామిల్ కన్నా నూరు రెట్లు నయం.

ఏలూరు_ఇంజనీరు
ఇష్టాలు తరువాత. ఆరడుగుల బొమ్మ, బడి గేటు, పిల్లలు. ముక్కు నేలకు నాలుగైదు అడుగుల ఎత్తులో ఉంటుంది, అంటే అందుతుంది. దానికి వేలాడతారు. 30 కిలోల పిల్లవాడు మెడ నుంచి మూడడుగుల దూరంలో వేలాడితే మెడ అతుకు మీద దగ్గర దగ్గర 27 కిలో మీటర్ల మెలి. ఇద్దరు వేలాడితే రెట్టింపు. గూడబాతుకు కాళ్లు పొట్టి కావడం మీ అదృష్టం. ఎర్రకాళ్ల కొంగ చేస్తానని ఉంటే నేను వద్దనే వాడిని.

మెడ నుంచి కాళ్ల దాకా ఒకే ముక్కగా మందపాటి పైపు వంచి లోపల వెన్నెముకగా పెట్టండి. కింద 12 మిల్లీమీటర్ల పలక, రెండున్నర అడుగుల చదరం. ఆ పలకే 50 కిలోలు దాటుతుంది. కాంక్రీటులో నాలుగు 16 మిల్లీమీటర్ల బోల్టులు ముందే పాతి దాని మీద బిగించండి. మొత్తం బరువు అంచనా కట్టాలంటే లీటరు పరిమాణం గల ఇనుము 7.85 కిలోలు. పింగాణీ, సిమెంటు ఇంకా కలుస్తాయి, రెక్కలు వీపుకు ఆనుకునేట్లు ముడిచి ఉంచండి. విప్పిన రెక్కలు అంటే ఇంకో రెండు ఉయ్యాలలు కట్టినట్లే.

తుంటరి_తూనీగ
27 కిలో మీటర్లు అంటే ఏలూరు దాకా వస్తుంది కదా?

ఏలూరు_ఇంజనీరు
కిలో, మీటరు. గుణించాలి. మీరు మా కాలేజీ కాదు కదా?

లాస్ఏంజెలిస్_లంకవాసి
ఇక్కడ వాట్స్ టవర్స్ అని ఉన్నాయి. సైమన్ రోడియా అనే ఇటలీ నుంచి వచ్చిన కూలీ, పలకలు పరిచే పని చేసేవాడు. 1921 నుంచి 1954 దాకా ఒంటి చేత్తో కట్టాడు. పదిహేడు కట్టడాలు, అన్నిటికన్నా ఎత్తైనది దాదాపు వందడుగులు. ఒక్క వెల్డింగు లేదు, ఒక్క బోల్టు లేదు. ఇనుప కడ్డీలను దగ్గర్లోని రైలు పట్టాల సందున పెట్టి వంచి, తీగ చుట్టి, సిమెంటు పూసి, సీసాలు, పింగాణీ ముక్కలు, గవ్వలు గుచ్చాడు. తరువాత స్థలం పొరుగాయనకు ఇచ్చేసి ఊరు విడిచి వెళ్లిపోయాడు, మళ్లీ చూడటానికి కూడా రాలేదు. కూలిపోతుందని నగర పాలకులు పడగొట్టమంటే 1959లో పదివేల పౌండ్ల బలంతో లాగి పరీక్ష పెట్టారు. లాగే యంత్రమే వంగింది, టవరు కదలలేదు.

బీడును తీగతో చుట్టి కట్టడం కూడా ఒక పద్ధతే అని చెప్పడానికి ఇదంతా.

ఏలూరు_ఇంజనీరు
ఆయన చేతికి ముప్పై మూడేళ్లు దొరికాయి. వీళ్లకు ఎన్నాళ్లు?

కొల్లేటిగట్టు
సంక్రాంతికి పూర్వ విద్యార్థుల సమావేశం. అప్పటికి నిలబడాలి.

పాతసామాను_కొట్టు
నాకు తుక్కు వ్యాపారం ఉంది, అసలు చిక్కు నేను చెప్తాను. మీ ఊళ్లో దొరికింది ఎవరిదో తెలుసు కాబట్టి పర్లేదు. కొరత పడి బయట కొంటే రైలు పట్టాల బోల్టులు, పట్టాలను కలిపే ఫిష్ ప్లేట్లు, ఆ పెద్ద క్లిప్పులు తీసుకోకండి. చూడటానికి ఎంతో బాగుంటాయి, శిల్పులంతా వాటినే అడుగుతారు. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర ఉంచుకోవడం మీద 1966 నాటి చట్టమే ఉంది. బొమ్మ గేటు దగ్గర నిలబెట్టి ఫోటో పేపర్లో వేయిస్తారు, ఆ ఫోటోయే సాక్ష్యం. రోడ్డు మీది మ్యాన్‌హోలు మూతలు, కరెంటు స్తంభాల తీగ కూడా అంతే. బిల్లు అడగండి.

ఇంకొకటి, కొట్టులో ఏరుకోనివ్వరు అని ఏడుస్తారు. రేటు మీద కిలోకు రెండు రూపాయలు ఎక్కువ ఇస్తానంటే నేనే ఏరి పక్కన పెడతాను.

ట్రాలీబాబు
కొట్టువాళ్లు ఇంత నిజాయతీగా మాట్లాడటం మొదటిసారి వింటున్నాను.

పాతసామాను_కొట్టు
తూకం దగ్గరికి వచ్చాక చూద్దాం.

అద్దాల_గది
మొజాంబిక్ సంగతి ఎవరైనా చెబుతారని చూశాను. 1992లో అక్కడ అంతర్యుద్ధం ముగిసింది. జనం దగ్గర తుపాకులు మిగిలాయి. 1995 నుంచి చర్చి పెద్దలు తుపాకీ ఇచ్చినవాళ్లకు కుట్టు మిషన్లు, సైకిళ్లు, నాగళ్లు ఇచ్చారు. పనికిరాకుండా కోసిన తుపాకీ ముక్కలతో శిల్పులు బొమ్మలు చేశారు. కెస్టర్ అనే శిల్పి 2001లో చేసిన కుర్చీ లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. వీపు ఆనే చోట రైఫిళ్ల మడమలు. రంగు వేసి ఉంటే దాన్ని ఎవరూ రెండోసారి చూసేవారు కారు. చందాదారులకు ఆ ఫోటో చూపించండి.

గుంటూరు_గొడుగు
హల్లర్‌కూ తుపాకీకీ పోలిక ఏమిటండీ. చందాదారులు బెదిరిపోతారు.

ఉప్పుగాలి_విశాఖ
రంగు వద్దు, తుప్పే అందం అంటున్నవాళ్లు సముద్రం పక్కన ఉండి చూడండి. కొల్లేరు చుట్టూ రొయ్యల చెరువులు, ఉప్పు నీటి తుంపర, ఏడాదంతా తేమ. పూత లేని ఇనుము పొరలు పొరలుగా రాలుతుంది, గొలుసు లింకులు ముందు పోతాయి. ఏరేటర్ షాఫ్టు స్టెయిన్‌లెస్ అయితే, దాన్ని మామూలు ఇనుముకు తాకించిన చోట మామూలు ఇనుమే తొందరగా తినేసుకుంటుంది. అతికించేటట్లైతే 309 రాడ్డు, పైన ఆ చోటంతా పూత. ముఖ్యంగా నీరు నిలిచే చోట్లు చూడండి. పుల్లీ బోర్లా ఉంటే పర్లేదు, వెల్లకిలా ఉంటే చెరువే. అడుగున రంధ్రం వేయండి. పైపుల మూతి మూసేయండి, లేదా రెండు చివరలా తెరవండి. ఒక చివర మాత్రం తెరిచి వదలకండి.

పెడన_అద్దకం
పూతకు ముందు ఒక మాట. మా కలంకారీ నలుపు ఎలా వస్తుందో తెలుసా? తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టిన ద్రావణాన్ని కరక్కాయ పట్టించిన గుడ్డ మీద గీస్తే నల్లబడుతుంది. ఇనుమూ కరక్కాయలోని టానిన్ కలిసి ఆ నలుపు పుడుతుంది. దాన్నే తిరగేయండి. వదులు తుప్పును తీగ బ్రష్‌తో రాల్చి, చిక్కటి కరక్కాయ కషాయం ఇనుముకు పూస్తే తుప్పు నీలినలుపు అవుతుంది. రెండు మూడు పూతలు. గూడబాతు ముక్కు, కాళ్లకు అది బాగుంటుంది. మీకు పెడన ఎంత దూరం, వచ్చి కరక్కాయ తీసుకెళ్లండి.

ఉప్పుగాలి_విశాఖ
దుకాణాల్లో అమ్మే తుప్పు మార్చే ద్రావణాల్లో కూడా కొన్నిటిలో టానిక్ ఆమ్లమే ఉంటుంది, కాబట్టి మాట నిజం. కానీ కషాయం ఒక్కటే వానకు నిలవదు. దాని మీద పారదర్శకమైన లక్క తప్పదు, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ వేయాలి. లోపలి వెన్నెముకకు మాత్రం రెడ్ ఆక్సైడ్ లేదా జింకు ప్రైమరు. కనిపించేది కాదు కదా.

నీలిరెక్క
కలంకారీ నలుపు ముక్కు! చందాదారులకు చెప్పడానికి ఇంతకన్నా మంచి మాట ఏముంటుంది? "మన పెడన కరక్కాయ నలుపు, మన ఊరి హల్లర్ కడుపు." తెల్ల రంగు అడిగినవాళ్లు కూడా దీనికి తలూపుతారు.

సాదాసీదా
తలూపరు. నేను వాళ్లలాంటి వాడినే కాబట్టి చెప్తున్నాను. వాళ్లకు కావలసింది తెలుపు కాదు, తమ డబ్బు తుక్కులా కనిపించకూడదు, అంతే. తమ ఇంటి సామాను దాంట్లో ఉంటే ఆ మాట అనరు. ఒక్కొక్కరినీ ఇంట్లోంచి ఒక ఇనుప ముక్క తెమ్మనండి. పాత తాళం, కొడవలి, పెట్రోమాక్స్ లైటు, ఏదైనా. తెచ్చిన ముక్క ఎక్కడ పెట్టారో చూసుకోవడానికి వాళ్లే బొమ్మ దగ్గరికి వస్తారు.

కొల్లేటిగట్టు
సాదాసీదా గారూ, మిమ్మల్ని బల్లల చందాలోంచి తప్పించి బొమ్మ కమిటీలో వేస్తున్నాను.

సాదాసీదా
రెండింటిలోనూ ఉంచండి. కొడవలి మొన మాత్రం పిల్లలకు తగలని చోట పెట్టండి.

రసాయన_మాస్టారు
ఇళ్ల నుంచి తెప్పిస్తే పాత బ్యాటరీలు, సీసం రంగు పూసిన కిటికీ కడ్డీలు కూడా వస్తాయి. పాత రంగును కాల్చకండి, గీకిన పొడి ఊడ్చి సంచిలో కట్టండి. పని బడి ఆవరణలో మాత్రం పెట్టకండి. ఆర్కు వెలుగు చూసిన పిల్లలకు ఆ రాత్రి కళ్లు మండి నిద్ర పట్టదు. అద్దం లేకుండా చూడొద్దంటే పిల్లలు కచ్చితంగా చూస్తారు.

కొల్లేటిగట్టు
పని మా పాకలోనే, తడికలు కట్టి చేస్తాం. ఇప్పటికి తేలింది ఇది. పుల్లీలు కడ్డీకి గుచ్చి బిగించడం. పైపు వెన్నెముక, 12 మిల్లీమీటర్ల పలక. వీపు మీద ముడిచిన రెక్కలకు తెల్ల పింగాణీ. గొలుసు సంచి, మూసి. కరక్కాయ, పైన లక్క. ముఖం ఎటు తిప్పాలన్నది మాత్రం కమిటీ తేల్చలేదు, బడి వైపా, చెరువు వైపా అని కొట్టుకుంటున్నారు.

ఇక ముక్కు ఒక్కటే మిగిలింది. రెండు పట్టీల్నీ మెడ పలకకు బోల్టులతో బిగించాలి. మధ్య బోల్టు రంధ్రం పట్టీకి ఎలాగూ ఉంది, దానికి జానెడు ఇవతల కోశాం. రెండో రంధ్రం వేయబోతే డ్రిల్లు బిట్టు నున్నగా అరిగిపోతోంది, పట్టీ మీద గీత కూడా పడలేదు.

నికెల్_భయం
ఒక్క బోల్టుతో సరిపెట్టండి.

ఏలూరు_ఇంజనీరు
ఒక్క బోల్టు పెడితే పిల్లలు ముక్కును గడియారం ముల్లులా తిప్పుతారు. రెండు తప్పవు, 12 మిల్లీమీటర్లవి.

ఆటోనగర్_మేస్త్రి
పట్టీకి నీరు పట్టించి గట్టి చేసి ఉంటారు, మామూలు బిట్టు దిగదు. రంధ్రం వేసే చోటును గ్యాసుతో చెర్రీ ఎరుపు దాటే దాకా కాల్చి, బూడిదలో పెట్టి మర్నాటి దాకా కదపకండి. ఆ తరువాత కోబాల్టు బిట్టు, తక్కువ వేగం, నూనె పోస్తూ. కాల్చిన చోట పట్టీ మెత్తబడుతుంది, అక్కడ వంగకుండా వెనక ఒక మామూలు పలక ఆనించి రెండింటికీ కలిపి బోల్టు వేయండి.

కొల్లేటిగట్టు
గ్యాసు కటింగు అతను ఆదివారం వస్తానన్నాడు. రెండు పట్టీలూ ఒకేసారి కాల్చమంటాను.